ఉండిపోవడానికి ఒక లెక్క, మనసు పెట్టడానికి ఇంకో లెక్క

రెండేళ్ల కిందట మా టీమ్‌లో ఒక కుర్రాడు పేపర్ పెట్టేశాడు. ఆరేళ్లుగా మాతోనే ఉన్నవాడు. వెళ్లేముందు హెచ్‌ఆర్ వాళ్లు ఒక ఫారం నింపమంటారు కదా, అందులో ‘ఎందుకు మానేస్తున్నారు?’ అన్నచోట ‘మెరుగైన అవకాశం’ అనే గడిలో టిక్ పెట్టి ఇచ్చేశాడు. సాయంత్రం కింద టీ కొట్టు దగ్గర అడిగితే అసలు సంగతి చెప్పాడు. తను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన పిల్లాడికి, చేరి ఏడాది కూడా నిండనివాడికి, తనకన్నా ఎక్కువ ప్యాకేజీ ఉందని అనుకోకుండా తెలిసిందట. “డబ్బు కాదన్నా, వాడికి పని నేర్పింది నేను,” అన్నాడు.

కొత్త కంపెనీలో జీతం పెరిగింది కాబట్టి ఫారంలో పెట్టిన టిక్ అబద్ధం కాదు. టీ కొట్టు దగ్గర చెప్పిందీ అబద్ధం కాదు. హెచ్‌ఆర్ లెక్కలో మాత్రం ఇంకో మనిషి ‘జీతం కోసం వెళ్లాడు’ అని ఎక్కింది. మరుసటి ఏడాది పాలసీ ఆ లెక్క చూసే తయారవుతుంది.

ఉద్యోగుల తృప్తి గురించి, ప్రేరణ గురించి మాట్లాడేటప్పుడు మనం మూడు ప్రశ్నలను ఒకే మూటలో కట్టేస్తుంటాం. మనిషి ఉద్యోగం ఎందుకు మానేస్తాడు? ఎందుకు ఉండిపోతాడు? ఉన్నవాడు మనసు పెట్టి ఎందుకు చేస్తాడు? మూడింటికీ జవాబు ఒకటే అయితే గొడవే లేదు. కానీ ఒకటి కాదు. మానేద్దామనుకునేవాణ్ణి ఆపడానికి శుక్రవారం పిజ్జా పార్టీ పెడతారు. విసుగెత్తి యంత్రంలా పనిచేసేవాడికి బోనస్ ఆశ చూపిస్తారు. జబ్బు ఒకటి, మందు ఇంకోటి. ఈ మూటను విప్పడానికి వందేళ్లుగా చాలామంది ప్రయత్నించారు. వాళ్లలో కొందరు మన ఊళ్లకే వచ్చి చూశారు.

ఐదు డాలర్ల కథ

ముందు ఫోర్డ్ దగ్గరికి వెళ్దాం. 1913లో డెట్రాయిట్ దగ్గరి హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మొదలైంది. అంతకుముందు ఒక మనిషి చేతుల మీదుగా కారులో ఒక్కో భాగం మొత్తం తయారయ్యేది. ఇప్పుడు ఒకడు రోజంతా ఒకే నట్టు బిగించాలి. జనం నిలబడలేకపోయారు. ఆ ఏడాది మానేసినవాళ్ల రేటు 370 శాతం. దాదాపు 14 వేల మందితో నడిచే ఫ్యాక్టరీ కోసం ఏడాదిలో 50 వేల పైచిలుకు మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరి 5న హెన్రీ ఫోర్డ్ రోజుకూలీని 5 డాలర్లు చేస్తున్నట్టు ప్రకటించాడు. అప్పటిదాకా ఉన్నది రెండున్నర డాలర్ల లోపే. పని గంటలు కూడా తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగాయి. ఫ్యాక్టరీ గేటు ముందు వేలమంది గుమిగూడారు. 1915కల్లా ఆ 370 కాస్తా 16 శాతానికి పడిపోయింది.

అంటే డబ్బు పనిచేసింది. ఏ ప్రశ్నకు పనిచేసిందన్నది చూడాలి. మనుషులు ఉండిపోయారు. నట్టు బిగించే పని మాత్రం అదే నట్టు బిగించే పని. అదే నెలలో ఒక కార్మికుడి భార్య పేరు రాయకుండా ఫోర్డ్‌కు పంపిన ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది. మా ఆయన ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడిపోతున్నాడు, ఈ గొలుసు పని మనిషిని బానిసను చేస్తోంది అని మొరపెట్టుకుంటూనే, ఆ ఐదు డాలర్లు మాకు మీరు అనుకునేదానికన్నా పెద్ద వరం అని కూడా అందులో రాసింది. ఒకే ఉత్తరంలో రెండూ. చదివినప్పుడల్లా మన ఐటీ కారిడార్‌లో ఈఎంఐలు కట్టుకుంటున్న ఇళ్లు గుర్తొస్తాయి నాకు.

ఆ ఐదు డాలర్లు ఊరికే రాలేదు. అందులో సగం దాకా ‘లాభాల్లో వాటా’ పేరుతో ఇచ్చేవాళ్లు. అది దక్కాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి తాగుతాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, పొదుపు చేస్తున్నాడా అని విచారించి సరే అనాలి.

కూర్చోవడానికి ఒక స్టూలు

మానేయడం వేరు, మనసు పెట్టడం వేరు అన్న సంగతిని సిద్ధాంతంగా చెప్పినవాడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. 1950లలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ఆయన బృందం రెండు విషయాలు అడిగింది. పనిలో చాలా ఆనందంగా అనిపించిన సందర్భం చెప్పండి. చాలా చిరాకేసిన సందర్భం చెప్పండి. రెండు జాబితాలు వచ్చాయి, అవి ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా లేవు. ఆనందం కథల్లో ఎక్కువగా కనిపించినవి: ఒక పని సాధించడం, గుర్తింపు, పనిలోని పస, బాధ్యత, ఎదుగుదల. చిరాకు కథల్లో: కంపెనీ రూల్స్, సూపర్‌వైజర్, జీతం, పని వాతావరణం, తోటివాళ్లతో తగాదాలు. రెండో జాబితాలో ఉన్నవన్నీ సరిచేస్తే చిరాకు పోతుంది, అంతే, ఉత్సాహం పుట్టదు అని ఆయన తేల్చాడు.

బట్టల షాపులో పనిచేసే అమ్మాయిని ఊహించుకోండి. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిదాకా చీరలు విప్పి చూపిస్తూ నిలబడే ఉంటుంది. కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కేరళలో ఇలాంటి ఆడవాళ్లు కోళికోడ్ నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఆ స్టూలు వల్ల ఆ అమ్మాయికి చీరలమ్మడం మీద ప్రేమ పుట్టుకొస్తుందా? రాదు. అందుకని స్టూలు చిన్న విషయమా? సాయంత్రానికి కాళ్లు వాచిపోయే మనిషికి ‘మీ పనిలో అర్థం వెతుక్కోండి’ అని ట్రైనింగ్ ఇచ్చేవాణ్ణి ఏమనాలి?

హెర్జ్‌బర్గ్ లెక్కలో ఒక బొక్క ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. మనుషులు మంచి జరిగితే తమ గొప్ప అనుకుంటారు, చెడు జరిగితే చుట్టూ ఉన్నవాళ్ల మీదికి తోస్తారు. పరీక్ష పాసైతే నేను చదివాను, ఫెయిలైతే పేపర్ కష్టంగా ఇచ్చారు. రెండు జాబితాలు వేరుగా రావడానికి ఇది కూడా కారణం కావచ్చని తర్వాతివాళ్లు ఎత్తిచూపారు. జీతాన్ని ఆయన చిరాకుల జాబితాలో పడేసిన తీరు కూడా నాకు పూర్తిగా మింగుడుపడదు. జీతం చేతికందే సొమ్మే కాదు, మన విలువెంతో నలుగురికీ చెప్పే కొలమానం కూడా. ఆనందం కథల్లో ‘గుర్తింపు’ అని చెప్పినవాళ్లలో ఎంతమంది ఆ గుర్తింపును జీతం స్లిప్పులో చూసుకున్నారో!

హెచ్‌ఆర్ ట్రైనింగుల్లో తప్పకుండా కనిపించే మాస్లో పిరమిడ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 1943లో అబ్రహాం మాస్లో అనే అమెరికన్ మనస్తత్వవేత్త మనిషి అవసరాల వరుస గురించి రాశాడు గానీ ఆ పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు. తిండి, గూడు తీరాకే మనిషి గౌరవం గురించి ఆలోచిస్తాడన్నట్టు ఆ బొమ్మ చూపిస్తుంది. కూలికెళ్లే మనిషి కూడా మేస్త్రీ నోరు పారేసుకుంటే పలుగు కింద పడేసి వెళ్లిపోవడం మన ఊళ్లలో అందరం చూసిందే.

పక్కవాడి జీతం

మా టీమ్ కుర్రాడి దగ్గరికి మళ్లీ వద్దాం. అతని బాధకు దగ్గరి ప్రయోగం ఒకటి మన పొరుగునే, ఒడిశాలో జరిగింది. ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శామ్‌దాసాని అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అక్కడ చిన్నచిన్న వస్తువులు తయారుచేసే తాత్కాలిక కార్ఖానాలు పెట్టించి, 378 మంది కూలీలను ముగ్గురేసి చొప్పున జట్లు కట్టారు. జట్టులో ముగ్గురిదీ ఒకే రకం పని. కొన్ని జట్లలో ముగ్గురికీ ఒకే రోజుకూలీ ఇచ్చారు. కొన్నింటిలో, ముందుగా కొలిచిన పనితనాన్ని బట్టి, ఒకరికి కాస్త ఎక్కువ, ఒకరికి మధ్యస్థం, ఒకరికి తక్కువ ఇచ్చారు.

ఇందులో కిటుకేమిటంటే, రెండు రకాల జట్లలోనూ సరిగ్గా ఒకే కూలీ తీసుకుంటున్న మనుషులు ఉన్నారు. తేడా పక్కవాళ్ల కూలీలోనే. పక్కవాళ్లకన్నా తక్కువ అందుకుంటున్న మనిషి పని బాగా తగ్గిపోయింది. అసమానంగా ఇచ్చిన జట్లలో హాజరు కూడా 18 శాతం పాయింట్లు పడిపోయింది. అక్కడ పనికి రాకపోతే ఆ రోజు కూలీ పోతుంది. వేరే పని దొరకని రోజుల్లో, ఇంట్లో డబ్బు అవసరం ఉండి కూడా, ఆ మనుషులు కూలీ వదులుకుని ఇంట్లో కూర్చున్నారు. ఎక్కువ కూలీ అందుకున్నవాళ్లన్నా ఉత్సాహంగా ఉన్నారా అంటే అదీ లేదు. జట్టులో పొత్తు చెడింది.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇంకోటుంది. కొన్ని వస్తువుల విషయంలో ఎవరు ఎంత చేశారో కళ్లకు కట్టినట్టు తెలిసిపోతుంది, పక్కవాడి కుప్ప పెద్దదని చూడగానే కనిపిస్తుంది. అలాంటి చోట కూలీలో తేడా ఉన్నా ఎవరూ పని తగ్గించలేదు, మానలేదు. తేడాను కాదు, కారణం కనిపించని తేడాను వాళ్లు సహించలేకపోయారు.

మన ఐటీ కంపెనీల్లో జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. పని చూస్తే కొలతకు అందనిది. ఒకడు వారమంతా కూర్చుని తీసేసిన నలభై లైన్ల కోడ్ ఇంకొకడు రాసిన నాలుగు వేల లైన్లకన్నా విలువైనది కావచ్చు. రేటింగ్ ఇవ్వడం చూస్తే మూసిన గదిలో. పైగా జీతాలు ఎవరికీ చెప్పొద్దని అగ్రిమెంట్. 2021, 2022లో బయట గిరాకీ విపరీతంగా పెరిగినప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు మార్కెట్ రేటు ఇచ్చి తీసుకున్నారు, లోపల ఉన్నవాళ్లకు ఎప్పటి హైకే. పెద్ద కంపెనీల్లో అట్రిషన్, అంటే ఏడాదిలో మానేసేవాళ్ల రేటు, 20 శాతం దాటింది. ఆ రోజుల్లో మానేసినవాళ్లలో చాలామంది ఫారాల్లో కూడా ‘మెరుగైన అవకాశం’ అనే ఉండి ఉంటుంది.

ఇంకో సంగతి. ఒకసారి ఇచ్చింది మళ్లీ తీసుకుంటే, అసలు ఇవ్వకపోయినదానికన్నా ఎక్కువ మండుతుంది. 1917లో అహ్మదాబాద్‌లో ప్లేగు వ్యాపిస్తే కార్మికులు ఊరు వదిలి పారిపోకుండా మిల్లు యజమానులు ‘ప్లేగు బోనస్’ ఇచ్చారు, కొందరికి జీతంలో 70, 80 శాతం దాకా. ఇప్పటి భాషలో రిటెన్షన్ బోనస్ అన్నమాట. ప్లేగు తగ్గాక 1918 మొదట్లో తీసేస్తామన్నారు. అప్పటికే యుద్ధం వల్ల ధరలు పెరిగిపోయి, బోనస్ జీతంలో కలిసిపోయి, దాంతోనే ఇల్లు గడుస్తోంది. గాంధీ నిరాహారదీక్షకు కూర్చున్న 35 శాతం పెంపు సమ్మె అక్కడే పుట్టింది.

డబ్బు ఇస్తే బాగా చేస్తారా?

ఇక మూడో ప్రశ్న, చిక్కంతా ఉన్నది దీనిలోనే. మంచి పనికి ఇంత అని డబ్బు కడితే పని బాగుపడుతుందా? ‘డబ్బు మనిషిని కదిలించదు’ అని చెప్పే పుస్తకాలు చాలా అమ్ముడుపోయాయి. మనవాళ్లు ఎప్పుడూ అంత అమాయకంగా లేరు. జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందని సామెత పుట్టించిన జాతి మనది.

ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే పేరున్న జవాబుల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల నుంచి వచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2005 నుంచి ఐదు జిల్లాల పల్లె ప్రాథమిక పాఠశాలల్లో ఈ ప్రయోగం చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి నడిపిన పని అది. వంద బడుల్లో టీచర్‌కు విడిగా బోనస్, వంద బడుల్లో బడి మొత్తానికి కలిపి బోనస్, వంద బడుల్లో ఏమీ లేదు. పిల్లల సగటు మార్కులు ముందుకన్నా 5 శాతం పాయింట్లకు మించి పెరిగితే, ఆపైన ఒక్కో శాతానికి 500 రూపాయలు. సగటున చూస్తే టీచర్ ఏడాది జీతంలో 3 శాతం. పెద్ద మొత్తమేమీ కాదు.

రెండేళ్లు తిరిగేసరికి బోనస్ ఉన్న బడుల్లో పిల్లలు ముందుకెళ్లారు. మామూలుగా వందమందిలో 50వ స్థానంలో ఉండే పిల్లవాడు లెక్కల్లో ఇంచుమించు 40వ స్థానానికి చేరుకున్నంత తేడా. భాషలోనూ మెరుగుపడ్డారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లో కూడా మార్కులు పెరిగాయి కాబట్టి బట్టీ పట్టించారన్న అనుమానానికి పెద్దగా చోటు లేదు. మరి టీచర్లు ఏం మార్చారు? బడికి రావడం పెరగలేదు, హాజరు ఎప్పటిలాగే ఉంది. వచ్చిన రోజున ఎక్కువ చేశారు: అదనపు క్లాసులు, ఎక్కువ హోంవర్క్, ప్రాక్టీస్ పరీక్షలు, వెనకబడ్డ పిల్లల మీద కాస్త ఎక్కువ శ్రద్ధ.

ఇంతవరకు వింటే డబ్బే గెలిచినట్టుంది. కానీ అదే పరిశోధకులు అవే రోజుల్లో ఇంకో వంద బడుల్లో అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్‌ని పెట్టి చూశారు. మనకు తెలిసిన విద్యా వాలంటీర్లే. జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో ఐదోవంతు కూడా లేదు. ట్రైనింగ్ తక్కువ, చదువూ తక్కువ. అయినా బడికి రానిరోజులు రెగ్యులర్ టీచర్లకు 27 శాతం ఉంటే వీళ్లకు 16 శాతమే. పిల్లల చదువులో కూడా వీళ్లు రెగ్యులర్ టీచర్లకు తీసిపోలేదు. ఎక్కువమంది ఆ ఊరివాళ్లే, అందులోనూ ఆడవాళ్లే. ప్రతి ఏటా కాంట్రాక్టు మళ్లీ రాయించుకోవాలి.

దీన్ని చూసి ‘ఐదోవంతు జీతానికే బాగా చేస్తారు కదా, అందరినీ కాంట్రాక్టులో పెట్టేద్దాం’ అని లెక్క వేసే ఆఫీసరు ఒకడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. ఆ లెక్కలో రెండు వదిలేస్తున్నాడు. ఇవాళ కాకపోతే రేపైనా రెగ్యులర్ చేస్తారన్న ఆశ మీదే వాళ్లలో చాలామంది నడుస్తున్నారు. అడుగంటిన రోజున ఆ ఆశ రోడ్డెక్కి ధర్నా అవుతుంది. రెండోది, ఒకే బడిలో, ఒకే పనికి, పక్క గదిలో ఐదింతల జీతం. ఒడిశా కూలీల జట్టు ఇక్కడ కూడా కళ్లముందు కనబడటం లేదా?

మరి డబ్బు పని మీద ఇష్టాన్ని చంపేస్తుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కాలేజీ కుర్రాళ్లకు ఘనాలు పేర్చే పజిల్ ఇచ్చాడు. కొందరికి పజిల్‌కు ఒక డాలర్ చొప్పున ఇచ్చి, తర్వాత ఆపేశాడు. డబ్బు ఆగాక వాళ్లు ఖాళీ సమయంలో ఆ పజిల్‌ను పట్టించుకోవడం తగ్గించేశారు. ఇది నిజమే. కాకపోతే అక్కడున్నది ఆట. ఊరికే ఆడుకునేదానికి రేటు కడితే అది పనైపోతుంది. మూడో తరగతి పిల్లలకు సాయంత్రం ఇంకో గంట తీసివేతలు చెప్పడం మొదటి నుంచీ పనే.

డబ్బు మరీ ఎక్కువైతే ఏమవుతుందో మదురై దగ్గరి పల్లెల్లో తేలింది. మనుషుల నిర్ణయాల మీద పరిశోధన చేసే డాన్ ఏరియలీ బృందం 87 మందికి జ్ఞాపకశక్తి, నేర్పు అవసరమైన ఆటలు పెట్టి, ఒక్కో ఆటలో బాగా ఆడితే కొందరికి 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400 అన్నారు. అన్ని ఆటలూ గెలిస్తే 400 వాళ్ల చేతికి వచ్చేది వాళ్ల కొన్ని నెలల ఖర్చుకు సరిపడేంత సొమ్ము. అందరికన్నా ఘోరంగా ఆడింది వాళ్లే. టెన్షన్‌తో చేతులు వణికితే బంతి ఎక్కడ పడుతుందో చెప్పలేం. అందుకే మార్చి నెలాఖరులో టార్గెట్ చుట్టూ తిరిగే సేల్స్‌వాళ్ల ముఖాలు చూసి నేనెప్పుడూ ఈర్ష్య పడలేదు.

మగ్గాల షెడ్డులో ఒక రాత్రి

ఇప్పటిదాకా డబ్బు చుట్టూనే తిరిగాం. పని అమరికను మార్చి చూసినవాళ్లు తక్కువ. వాళ్ల కథల్లో నాకు బాగా నచ్చింది అహ్మదాబాద్ క్యాలికో మిల్లులోది.

1952లో ఆ మిల్లు ఒక షెడ్డులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టింది. మొత్తం 224 మగ్గాలు, 29 మంది మనుషులు. పనిని ముక్కలు చేసి పన్నెండు రకాల ఉద్యోగాలుగా విడగొట్టారు. నేతగాడు తన వాటా మగ్గాలు చూస్తాడు. నూలు కండెలు నింపేవాడికి ఇంకో వాటా. పోగులు తెగితే అతికేవాడికి మరో వాటా. నూనె వేసేవాడు, ఊడ్చేవాడు, మగ్గం బాగుచేసేవాడు, ఎవరి లెక్క వారిదే. పుస్తకంలో చూస్తే చాలా శాస్త్రీయంగా ఉంది. నడిపితే ఉత్పత్తి పెరగలేదు, గుడ్డ పాడవడం తగ్గలేదు. ఎందుకంటే ఒక మగ్గం ఆగిపోతే అది ఎవరి మగ్గం? దాన్ని నాది అనుకునే మనిషే ఆ షెడ్డులో లేడు.

1953లో, మనుషులు కలిసి పనిచేసే తీరును పరిశోధించే లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ వచ్చాడు. ఆయన చెప్పిన మాట చాలా చిన్నది. కొన్ని మగ్గాలకు కొందరు మనుషులు అని ఒక గుంపుగా పెట్టి, ఆ మగ్గాల బాగోగులన్నీ ఆ గుంపుకే వదిలేస్తే? ఈ మాట కార్మికుల చెవిన పడగానే వాళ్లు ఎవరూ అడగకుండానే ఎవరెవరు ఏ గుంపులో ఉండాలో తామే పేర్లు రాసుకుని వచ్చారు. 64 మగ్గాలకు ఏడుగురు. ఎవరికి ఏ పని అన్నది గుంపు లోపల తేల్చుకోవాలి. పన్నెండు రకాల హోదాలు పోయి మూడు మిగిలాయి. మొదట్లో కొన్ని తిప్పలు వచ్చాయి, నూలు నాణ్యత మారినప్పుడు మళ్లీ వెనక్కి జారారు. నిలదొక్కుకున్నాక ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే గుడ్డ తగ్గింది. షెడ్డులో అవే మగ్గాలు, ఇంచుమించు ఆ మనుషులే.

నిరక్షరాస్యులైన మిల్లు కార్మికులు ఒక ఆలోచన వినగానే దాన్ని ఎత్తుకుపోయి తమదిగా చేసుకోవడం చూసి రైస్‌కే ఆశ్చర్యమేసింది. మనకు అంత ఆశ్చర్యం అక్కర్లేదేమో. వరినాట్లకు ముఠా కట్టి, ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని, ఎవరెక్కడ నిలబడాలో తామే తేల్చుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నారు. వాళ్లకు పైన మేనేజర్ లేడు, పొద్దువాలే లోపు పొలం పూర్తవుతుంది.

1970 ప్రాంతంలో పరిశోధకులు మళ్లీ అహ్మదాబాద్ వెళ్లి చూశారు. ఒకచోట గుంపు పద్ధతి పదిహేడేళ్ల తర్వాత కూడా చెక్కుచెదరకుండా నడుస్తోంది. ఇంకొన్ని షెడ్లలో నెమ్మదిగా కరిగిపోయి పాత తీరే వచ్చేసింది. స్వేచ్ఛ ఒకసారి ఇచ్చేస్తే దానంతటదే నిలబడదు, దాన్ని కాపాడే పైవాడు కూడా ఉండాలి. ఒక మేనేజర్ ఇచ్చిన వెసులుబాటు తర్వాతి మేనేజర్ రాగానే ఎక్సెల్ షీట్‌లోకి మాయమైపోవడం ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు కొత్త కాదు.

బుర్రలో ఖాళీ

మనసు పెట్టాలంటే మనసులో చోటుండాలి కదా. మళ్లీ ఒడిశాలోనే, విస్తళ్లు కుట్టే 408 మంది కూలీలతో ఇంకో ప్రయోగం జరిగింది. ముక్కకు ఇంత అని లెక్క. మొత్తం కూలీ అందరికీ సమానమే, కొందరికి మాత్రం కొంత సొమ్ము కొన్ని రోజులు ముందే ఇచ్చారు. డబ్బు అందగానే వాళ్లు అప్పు తీర్చారు, ఇంట్లోకి సరుకులు తెచ్చుకున్నారు. తర్వాత రోజుల్లో వాళ్ల పని సగటున 7 శాతం పెరిగింది, తప్పులు తగ్గాయి. అదనంగా ఒక్క రూపాయి ఇవ్వలేదు. అప్పులవాడు రేపు ఇంటి ముందుకొస్తాడన్న గుబులు ఒక్కటి తగ్గింది. మూడు నెలలుగా జీతం రాని కాంట్రాక్టు ఉద్యోగికి ప్రేరణ లేదని తిట్టేవాళ్లు విస్తళ్లు కుట్టిన ఈ మనుషుల్ని గుర్తుంచుకోవాలి.

బెంగళూరు చుట్టుపక్కల పనిచేసే ఒక పెద్ద గార్మెంట్ కంపెనీలో 2016లో జీతాలు పెరిగాయి గానీ కార్మికులు ఆశించినంత పెరగలేదు. సరిగ్గా అప్పుడే పరిశోధకులు కొందరు కార్మికులను ఎంచి, పేరు చెప్పనక్కర్లేకుండా, పని గురించి, సూపర్‌వైజర్ గురించి, జీతం గురించి ఏమనుకుంటున్నారో అడిగారు. తర్వాతి నెలల్లో అలా అడిగినవాళ్లు మానేయడం, అడగనివాళ్లతో పోలిస్తే, ఐదోవంతు తగ్గింది. ఎక్కువ నిరాశ పడ్డవాళ్లలోనే ఈ మార్పు ఎక్కువ. జీతం మాత్రం అదే.

ఇలాంటివి వినగానే ‘చూశారా, కాస్త పట్టించుకుంటే చాలు’ అనేవాళ్లుంటారు. వాళ్లు చెప్పే హాథార్న్ కథ ఇలాగే ఉంటుంది: షికాగో దగ్గరి ఫ్యాక్టరీలో 1920లలో లైట్లు పెంచినా తగ్గించినా అమ్మాయిల పని పెరిగింది, ఎందుకంటే వాళ్లను ఎవరో గమనిస్తున్నారు. నిజానికి అక్కడి ముఖ్యమైన పరీక్ష గదిలో ఐదుగురు అమ్మాయిల కూలీ లెక్కను కూడా మార్చారు, గది మొత్తం ఉత్పత్తిని బట్టి డబ్బు వచ్చేలా. పని సరిగా సాగనివ్వడం లేదని ఇద్దరిని 1928 జనవరిలో తీసేసి వేరే ఇద్దరిని పెట్టారు. ‘పట్టించుకోవడం’ పేరుతో చెప్పే కథలో ఈ రెండూ కనబడవు.

పని ఎవరికి చేరుతుందో తెలిస్తే కూడా మనిషి మారతాడు. ఆడమ్ గ్రాంట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక అమెరికన్ యూనివర్సిటీ కోసం ఫోన్లలో విరాళాలు అడిగే ఉద్యోగులను ఆ డబ్బుతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది, తెచ్చిన విరాళాలూ అంతే. తమ మేనేజర్ నోట విని ఉంటే ఇంత జరిగేది కాదని నా అనుమానం. మా దగ్గర మేనేజర్ ‘మన క్లయింట్ చాలా హ్యాపీ’ అంటే ఎవరూ తల కూడా ఎత్తరు.

ఆ కుర్రాడు వెళ్లిపోయాక నేను అప్రైజల్ మీటింగుల్లో ప్రశ్న మార్చాను. ‘పని ఎలా ఉంది?’ అంటే అందరూ ‘బాగుంది’ అనే అంటారు. హార్వర్డ్ ప్రొఫెసర్ తెరెసా అమబైల్ బృందం ఏడు కంపెనీల్లో 238 మంది రోజువారీ డైరీలు, దాదాపు 12 వేల ఎంట్రీలు చదివి చూస్తే, ఉద్యోగులు మంచి రోజు అని రాసుకున్న రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఆ రోజు పని ఒక అడుగు ముందుకు జరగడం. చెడ్డ రోజుల్లో, పని ఆగిపోవడం. అందుకని ఇప్పుడు ‘ఈ వారం ఎక్కడ ఆగిపోయావు?’ అని అడుగుతున్నాను. మొదటిసారి అడిగినప్పుడు మా టీమ్‌లో ఒకమ్మాయి కాసేపు ఆలోచించి, “సర్వర్ యాక్సెస్ కోసం టికెట్ పెట్టి నాలుగు రోజులైంది సర్. ఎవరినడగాలో తెలీక ఊరికే కూర్చున్నా,” అంది. నాలుగు రోజులుగా స్టాండప్‌లో, అంటే టీమంతా పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగులో, రోజూ ‘ఇన్ ప్రోగ్రెస్’ అనే చెబుతోంది. ఆ టికెట్ అప్రూవ్ చేయాల్సిన పేరు నాదే.